అడవిజీవుల ఆసుపత్రిలో శిష్యరికము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములను చూచినవారెవ్వరును వానిని అడవిసీమ యనరు. మొదటి రెండును హైదరాబాదు–విజయవాడ రహదారిమీది ఊళ్ళు. రాత్రింబవళ్ళు బస్సులును లారీలును వానిమీదుగా సాగుచునే యుండును. మిర్యాలగూడ బియ్యపు మరలకు పేరుమోసినది. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు పునాదిరాయి పడినది. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలలోనికి నీరు వదలబడినది. ఎడమకాలువ నీరు చేరినమీదట మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములలో జొన్నయు ఆముదమును పండిన మెట్టపొలములు పెక్కు వరిమళ్ళయ్యెను. నేల మారినపుడు దానిపై బ్రదుకు జీవులును మారును. వరి యున్నచోట ఎలుక యుండును. ఎలుక యున్నచోట జెర్రిపోతును నాగుపామును గుడ్లగూబయు నుండును. కాలువగట్టున ముంగిసయు ఉడుమును, చెరువులో తాబేలును కొంగయు, గుట్టలలో నెమలియు నక్కయు, విద్యుత్తీగెమీద పాలపిట్టయు – ఇవన్నియు అడవి పేరెత్తకుండనే మనుష్యుల నడుమ కాపురము చేయుచున్నవి.

ఈ కాపురము సుఖమైనది కాదు. రాత్రివేళ రహదారి దాటు నక్క లారీచక్రముల క్రింద పడును. అడవిపందులకై పొలము చుట్టును పన్నిన ఉచ్చులో పందికి బదులు మరియొక జంతువు చిక్కును. 2020వ సంవత్సరమున నల్గొండ జిల్లా మర్రిగూడ మండలమున తీగెలలో చిరుతపులియే చిక్కుకొనగా, అటవీశాఖవారు మత్తుమందిచ్చి దానిని పట్టవలసి వచ్చినది. సంక్రాంతి గాలిపటముల నైలాను దారము చెట్లకొమ్మలకు చుట్టుకొని, పండుగ గడచి నెల దాటినను పక్షుల రెక్కలను కోయుచునే యుండును. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ దారమును దేశమంతట నిషేధించినను, అంగళ్ళలో అది పూర్తిగా మాయము కాలేదు. గట్టులేని బావులలో పడునవి, ఊరకుక్కలు తరుమునవి, విద్యుత్తీగెలు తాకి నేలబడునవి వీనికి తోడు.

దెబ్బతిన్న పక్షి యొకటి బజారులో పడినదనుకొందము. క్షణములో గుంపు చేరును. చేతిఫోనులు పైకి లేచును. దయగలవాడొకడు ముందుకు వచ్చి దాని ముక్కు తెరచి నీరు పోయును. అంతకంటె దయగల ఇల్లాలు పాలు తెచ్చును. పక్షికి శ్వాసనాళపు ద్వారము నాలుక మొదటనే యుండును. బలవంతముగా పోసిన నీరు కడుపులోనికి గాక ఊపిరితిత్తులలోనికి పోవును. పాలను జీర్ణము చేసికొను శక్తి పక్షులకు లేదు. దెబ్బవలన చావని పక్షి ఇట్లు దయవలన చచ్చుచుండును. జింక సంగతి ఇంకను విచిత్రమైనది. కుక్కలు తరిమిన జింకను పదిమంది పట్టుకొని, త్రాళ్ళతో కట్టి, తలనిమిరి ఊరడింతురు. మనుష్యుని చేయి దానికి ఊరట కాదు, పులిపంజాయే. అది పెనగులాడి పెనగులాడి కండరములను చెరచుకొనును. చెడిన కండరములలోని పదార్థములు నెత్తురులో కలిసి మూత్రపిండములను, గుండెను దెబ్బతీయును. పైకి చిన్న గాయమైనను కానరాదు. కొన్ని గంటలకో, కొన్ని దినములకో జింక చచ్చును. చేయవలసినదేమనగా, కన్నులకు గుడ్డ కట్టి, గుంపును దూరముగా పంపి, మాటలాడక, వీలైనంత తక్కువసేపు పట్టుకొనుట. ఇంతటి చిన్న విషయము తెలిసినవాడు ఆ గుంపులో ఒక్కడున్నను చాలును. సాధారణముగా ఆ ఒక్కడే యుండడు.

గాయపడిన అడవిజీవులకు చికిత్స చేసి, కోలుకొనిన పిదప వానిని వాని నెలవునకు తిరిగి చేర్చు స్థలములను వన్యప్రాణి పునరావాస కేంద్రములందురు. అట్టిచోట కొన్ని వారములో కొన్ని నెలలో ఉండి పని నేర్చుకొనుటను నేడు ఇంటర్న్‌షిప్ అనుచున్నారు. శిష్యరికమను పాతమాట దానికి చక్కగా సరిపోవును. కంసాలి కొలిమికడను, నాటువైద్యుని మందులపెట్టెకడను పూర్వము కుఱ్ఱవాండ్రు నేర్చినది ఇట్లే. ఈ మూడు పట్టణముల యువతీయువకులలో కొందరైనను అట్టి శిష్యరికమునకు పోవలెను. పోయినవారు తిరిగి రావలెను. ఈ రెండింటిలో రెండవదియే ఎక్కువ ముఖ్యమైనది, ఎక్కువ కష్టమైనదియు.

కేంద్రములన్నియు ఒక్కటి కావు. 1998లో కేంద్రప్రభుత్వము ఎలుగుబంటి, కోతి, పులి, చిరుతపులి, సింహము అను జంతువులను ఆటలలో ప్రదర్శించుటను నిషేధించినది. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధమును నిలబెట్టినది. అప్పుడు సర్కసు డేరాలనుండి వచ్చిన సింహములకు, పులులకు విశాఖపట్టణమునను తిరుపతిలోను జంతుప్రదర్శనశాలలకు అనుబంధముగా రక్షణకేంద్రము లేర్పడినవి. ఆ సింహములు అడవినెన్నడును చూచినవి కావు, వేటాడుట ఎరుగవు, వానిలో పెక్కు ఆసియా, ఆఫ్రికా జాతుల సంకరముచేత పుట్టినవి. కావున వానిని అడవిలో విడుచుటకును వీలులేదు, సంతతి పెంచుటకును వీలులేదు. ప్రాణమున్నంతవరకు తిండిపెట్టి, జబ్బుచేసిన మందిచ్చి, అవి ముసలివై పోవుచుండగా చూచుచు ఉండుటయే అక్కడి పని. అది వృద్ధాశ్రమము వంటిది. పునరావాస కేంద్రమట్లు కాదు. వచ్చిన జీవి ఎంత త్వరగా వెడలిపోయిన దానికంత గౌరవము. శిష్యరికమునకు పోవువాడు తానే తీరు స్థలమునకు పోవుచున్నాడో ముందు తెలిసికొనవలెను.

ఇక అక్కడ చేయు పనియేమి? పులిపిల్లను ఒడిలో పెట్టుకొని పాలుపట్టు చిత్రములను చూచి బయలుదేరినవానికి మొదటి దినముననే నిరాశ కలుగును. అతనికి చేతికిచ్చునది చీపురు. తెల్లవారకమునుపే లేచి గూళ్ళను కడుగవలెను. రెట్టను ఊరక కడిగివేయరాదు; దాని రంగు, చిక్కదనము, వాసన చూచి పుస్తకములో వ్రాయవలెను, ఏలయన నోరులేని రోగి తన బాధను చెప్పుకొనునది దానిద్వారానే. పిమ్మట తూకము. చిన్న పక్షికి పదిగ్రాముల తగ్గుదల మనుష్యునికి పదికిలోల తగ్గుదలకంటె ఎక్కువ భయంకరము కావచ్చును. ఆ తరువాత తిండి. చిలుకకు పండును గింజయు. పాలపిట్టకు మిడుతలును పురుగులును. గుడ్లగూబకు బొచ్చుతోను ఎముకలతోను కూడిన ఎలుక. గుడ్లగూబకు మెత్తని మాంసపు ముక్కలే పెట్టినచో దాని ఎముకలు గుల్లబారును. అది బొచ్చును ఎముకలను ఉండగా చుట్టి కక్కుట దానికి ఆరోగ్యము. ఎలుకను కోయుటకు చేతులాడనివానికి గుడ్లగూబను కాపాడు అర్హత లేదని చెప్పిన కఠినముగా తోచవచ్చును గాని, అది నిజము.

పక్షికూనలున్న కాలమున ఈ శ్రమ పదింతలగును. చిన్నపిట్ట కూనలకు పగలంతయు అరగంట కొకసారి మేత కావలెను. తల్లిదండ్రులు ఉదయమునుండి సాయంకాలమువరకు ఎన్నిమారులు ఎగిరి వచ్చునో, అన్నిమారులు శిష్యుడును పటకారుతో పురుగునందించవలెను. మేత పెట్టిన వేళ వ్రాయవలెను; తిన్నదా, ఉమిసినదా వ్రాయవలెను. ఒకదాని గూటిలో ముట్టిన చేతితో మరొకదాని గూటిలో ముట్టరాదు. క్రొత్తగా వచ్చినవానిని కొంతకాలము వేఱుగా నుంచవలెను. శిష్యుడు తాను ముందుగా పిచ్చికుక్కకాటు వ్యాధికి టీకాలు వేయించుకొనవలెను. కోతినిగాని నక్కనుగాని వట్టిచేతులతో పట్టుకొనుట ధైర్యము కాదు, తెలివిమాలినతనము. సాయంకాలము పాత్రలు, గుడ్డలు, చేతితొడుగులు ఉతికి ఆరవేయుటతో దినము ముగియును. చాలమంది పదిదినములలో ఇంటికి పోవుదురు. మిగిలినవారే పనివారగుదురు.

పశువైద్య పట్టమునకు చదువువారికి చివర ఒక సంవత్సరము శిష్యరికము విధిగా నున్నది. 2014లో ఏర్పడిన పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయము రాజేంద్రనగరున నున్నది; హైదరాబాదున నెహ్రూ జంతుప్రదర్శనశాల 1963నుండి ప్రజలకు తెరచియున్నది. కావున వైద్యులు కాగోరువారికి మార్గము కలదు. వైద్యులు కానివారి సంగతియే ఆలోచింపదగినది. గూడు కడుగువాడు, తూకము వ్రాయువాడు, పెట్టె మోయువాడు, అటవీశాఖకు కబురు చేయువాడు – వీరు లేనిదే వైద్యుడొక్కడేమి చేయగలడు? ఈ పనులకు పెద్ద చదువు అక్కరలేదు. సూర్యాపేట కళాశాలలో వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థియైనను వేసవిసెలవులలో నేర్చుకొనవచ్చును.

ఈ శిష్యరికములో అన్నిటికంటె కష్టమైన పాఠము ప్రేమను దాచుకొనుట. ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు కోన్రాడ్ లోరెంజ్ 1930 ప్రాంతములలో బాతుజాతి పిల్లలను గమనించి, గ్రుడ్డునుండి వెలువడినతోడనే తమ కంటబడిన కదలు ప్రాణినే అవి తల్లిగా భావించునని విశదపరచెను. ఆ పిల్లలు అతని వెంట బారులు తీరి నడచెడివి. ఈ కృషికి గాను 1973లో అతనికి నోబెల్ బహుమతిలో భాగము లభించినది. ఆ బారులను చూచిన నవ్వు వచ్చును. కాని అట్లు పెరిగిన పక్షి భవిష్యత్తేమి?

అమెరికాలో హూపింగ్ క్రేన్ అను పెద్ద తెల్లని కొంగ యున్నది. 1941 నాటికి ఆ జాతి 25 పక్షులకు లోపుగా తగ్గిపోయినది. మనుష్యుల చేతులలో పెరిగిన ఆ జాతి ఆడుపక్షికి టెక్స్ అని పేరు. అది తనను మనుష్యజాతిదిగానే యెంచుకొని, సాటి కొంగలను కన్నెత్తి చూడదయ్యెను. జార్జి ఆర్చిబాల్డ్ అను శాస్త్రజ్ఞుడు దానిచేత గ్రుడ్డు పెట్టించుటకై, కొంగలు జతగూడుటకు ముందు చేయు నృత్యమును తానే దానియెదుట చేసెను. ఒక్కనాడు కాదు, సంవత్సరముల తరబడి వసంతకాలమున ఆ పక్షికి తోడుగా నుండి, గంతులు వేసి, చేతులు రెక్కలవలె ఆడించెను. తుదకు 1982లో కృత్రిమ గర్భధారణచేత పెట్టిన గ్రుడ్డునుండి పిల్ల పుట్టినది. ఒక పక్షిని చిన్ననాడు ముద్దుచేసినందుకు అంత మూల్యము చెల్లింపవలసివచ్చినది. ఆ తరువాతి కాలమున అమెరికావారు ఆ జాతి పిల్లలను పెంచుచు, పెంచువారు తలనుండి కాళ్ళదాక తెల్లని ముసుగు తొడిగికొని, చేతికి కొంగతల బొమ్మను తగిలించుకొని, నోరు మెదపక మేత తినిపించు పద్ధతి నవలంబించిరి. పిల్లకు మనుష్యుని ముఖము కనబడరాదు, గొంతు వినబడరాదు.

భారతదేశములోను ఈ నియమము పాటింపబడుచున్నది. అస్సాములో కాజిరంగా సమీపమున 2002లో అటవీశాఖవారును స్వచ్ఛందసంస్థలును కలిసి ఒక పునరావాస కేంద్రమును నెలకొల్పిరి. బ్రహ్మపుత్ర వరదలలో తల్లినుండి విడిపోయిన ఖడ్గమృగపు పిల్లలను అక్కడ పెంచి, 2006నుండి మానస్ అభయారణ్యమునకు చేర్చుచున్నారు. పిల్లగానున్నపుడు సీసాతో పాలు పట్టక తప్పదు. కాని పాలు మాన్పించు వయస్సు వచ్చునప్పటికి మనుష్యుని రాకపోకలను క్రమముగా తగ్గింతురు. పెంచినవాని అడుగుల చప్పుడు విని ఆ జంతువు పరుగెత్తి రాకుండ, పారిపోయిననాడే పెంపకము ఫలించినట్లు. తనను మరువవలెనని కోరి పెంచుట ఎంత కష్టమో పిల్లలు గల తల్లులే ఊహింపగలరు.

ఇంత చెప్పినను జంతువులను ముద్దులాడుటకే కేంద్రములకు పోవువారు లోకమున పెక్కుమంది యున్నారు. వారినుండి డబ్బు తీసికొని ముద్దులాడనిచ్చువారును ఉన్నారు. దక్షిణాఫ్రికాలో కొన్నిచోట్ల తల్లినుండి వేరుచేసిన సింహపు పిల్లలను అనాథలని చెప్పి, విదేశీ విద్యార్థులచేత రుసుము కట్టించుకొని, వారిచే సాకించిరి. ఆ పిల్లలు పెద్దవై అడవికి పోలేదు. బోనులలో పెరిగిన సింహములను కంచెలోపల కాల్చు వేటగాండ్రకు అమ్ముడుపోయినవి అందులో కలవు. 2021లో ఆ దేశప్రభుత్వము ఈ బోనుపెంపక వ్యాపారమునకు స్వస్తి చెప్పదలచినట్లు ప్రకటించినది. శిష్యరికమునకు స్థలము వెదకువాడు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: క్రిందటి సంవత్సరము ఎన్ని జీవులు వచ్చినవి, ఎన్ని విడువబడినవి, ఎన్ని చచ్చినవి? ఈ మూడు అంకెలను దాపరికము లేక చూపు స్థలము మంచిది. అక్కడ జంతువుతో ఛాయాచిత్రము తీసికొననీయకున్నచో ఇంకను మంచిది.

ఇపుడు ఇంటి సంగతికి వత్తము. దసరానాడు జమ్మిపూజ చేసి పాలపిట్టను చూచుట తెలంగాణములో అనాదిగా వచ్చుచున్న ఆచారము. అది చక్కని ఆచారము. ఊరుదాటి పొలములవైపు నడచి, తీగెమీదనో చెట్టుకొననో వాలియున్న నీలిరెక్కల పక్షిని వెదకి చూచి, చేతులు జోడించుటలో ఎవరికిని అపకారము లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకు అది రాష్ట్రపక్షిగా నుండెను. 2014లో తెలంగాణము దానినే తన రాష్ట్రపక్షిగా నిలుపుకొన్నది. 2018లో ఆంధ్రప్రదేశము రామచిలుకను స్వీకరించినది. అయితే పట్టణములు పెరిగి, పొలము దూరమై, నడచు ఓపిక తగ్గినపుడు, పక్షియొద్దకు మనుష్యుడు పోవుటకు బదులు మనుష్యునియొద్దకు పక్షిని తెచ్చు వ్యాపారము పుట్టినది. పండుగకు కొన్ని దినములముందు దానిని పట్టి, రెక్కల ఈకలు కత్తిరించి, కాళ్ళు కట్టి, పంజరములో పెట్టి ఇంటింటను గుడిగుడికడను చూపి డబ్బు పుచ్చుకొందురు. హైదరాబాదున అటవీశాఖవారును జంతుప్రేమికులును పండుగ దినములలో ఇట్టి పక్షులను పలుమారులు విడిపించిరి.

విడిపించుట ఒక గంట పని. ఆ తరువాతి పని ఎవరికిని కానరాదు. పాలపిట్ట కొమ్మమీద కూర్చుండి, నేలమీది మిడుతను చూచి, రివ్వున దిగి పట్టుకొని తిను పక్షి. ఎగురలేనిచో దానికి ఆకలిచావే. కత్తిరించిన ఈక గోరువలె పెరుగదు; ఆ మొదలు రాలిపోయి, దానిచోట క్రొత్తయీక పుట్టవలెను. ఆ రాలుటకు దానికొక కాలమున్నది. అంతవరకు నెలల తరబడి ఆ పక్షిని దినమునకు ఇన్ని పురుగులు పెట్టి సాకవలెను. కాళ్ళకు పుండ్లు పడకుండ కొమ్మలు మార్చవలెను. ఎగురుట మరువకుండ పెద్దగూటిలో అలవాటు చేయవలెను. పూర్వము వేటడేగలను పెంచినవారు కనిపెట్టిన ఉపాయమొకటి కలదు: రాలిన మంచి యీకను తెచ్చి, సన్నని పుల్లతో పాతయీక మొదలులోనికి దూర్చి అతికించుట. నేర్పరి చేయి అయిన పక్షి త్వరలోనే ఎగురును. కాని అట్టి చేతులెన్ని? పదినిమిషముల పుణ్యదర్శనమునకు ఒక పక్షి ఆరునెలలు ఆసుపత్రిలో నుండవలెనన్న, ఆ పుణ్యము లెక్కలో ఎక్కడనో తప్పు వచ్చినదన్నమాట. శిష్యరికము చేసివచ్చినవాడు తన వీధిలోనివారికి ఈ ఆరునెలల కథ చెప్పగలడు. చట్టము పేరు చెప్పి బెదరించుటకంటె అది బాగుగా పనిచేయును.

చట్టమును తెలియవలసినదే. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము గాయపడిన అడవిజంతువు దొరకినవాడు 48 గంటలలోగా సమీపపు పోలీసుఠాణాకో అధికారికో తెలియజేయవలెను. నయమైనదాక ఇంటనే ఉంచుకొందుమనుట ఎంత దయతో అన్నను చెల్లదు. ఇది కఠిననియమముగా కనబడును గాని, కోలుకొనిన చిలుకను పంజరములోనుండి వదలుటకు ఎన్ని ఇండ్లలో చేయి రాలేదో తెలిసినవారు ఈ నియమమును తప్పుపట్టరు. అదృష్టము తెచ్చునని నక్షత్రతాబేళ్ళను ఇంట పెంచువారును కలరు. అన్నము మెతుకులు తిని వాని డిప్పలు వంకరలు పోవును. వచ్చిన అదృష్టము మాత్రము ఎవ్వరికిని కనబడలేదు.

శిష్యుడు నేర్చు మరియొక పాఠము ముట్టకుండుట. పొదలో ఒంటరిగా కదలక పండుకొనియున్న జింకపిల్ల అనాథ కాదు. తల్లి దానిని దాచి మేతకు పోయినది. చెవులపిల్లి కూనలును అంతే. గూటినుండి దుమికి నేలమీద తడబడుచున్న రెక్కలువచ్చిన పిల్ల ఎగురుట నేర్చుకొనుచున్నది. తల్లిదండ్రులు కొమ్మమీదనుండి చూచుచునే యుండును. పిల్లికందకుండ పొదమీద పెట్టి దూరముగా పోయినచో చాలును. మనుష్యుడు ముట్టిన పిల్లను తల్లి విడిచివేయునను మాట పక్షుల విషయమున నిజము కాదు. రక్షణకేంద్రములకు వచ్చు పిల్లలలో కొన్ని రక్షణ అక్కరలేనివి. తెచ్చినవారే వానిని అనాథలను చేసిరి.

ఈ వాదమునకు ఎదురుచెప్పువారు లేకపోలేదు. మనుష్యులకే వైద్యము చాలని దేశమున నక్కలకు ఆసుపత్రులా యని కొందరు అడుగుదురు. ప్రశ్న తీసివేయదగినది కాదు. అయితే ఇక్కడ కోరునది రాజభవనము కాదు, ఒక గది. అదియు ఎలుకలను తిను గుడ్లగూబను, పామును నిలుపుటకు. బియ్యపు మరల ఊరిలో ఈ లెక్క ఎవరికైనను తెలియును. రెండవ ఆక్షేపణ రైతులది. అది మరింత బరువైనది. కోతులు కూరగాయల తోటను ఒక పూటలో పాడుచేయును; అడవిపందులు రాత్రికి రాత్రి చేను తిరుగవేయును. పంట పోగొట్టుకొనినవానియెదుట జంతుప్రేమను ఉపన్యసించుట మర్యాద కాదు. 2020 డిసెంబరులో నిర్మల్ సమీపమున చించోలిలో కోతులకొరకు ప్రభుత్వమొక రక్షణ, పునరావాస కేంద్రమును తెరచినది. పట్టితెచ్చిన కోతులకు సంతతి కలుగకుండ శస్త్రచికిత్స చేసి మరల విడుచుట దాని పని. ఒక్క కేంద్రముతో రాష్ట్రమందలి కోతుల సమస్య తీరదు. కాని రైతునకును కోతికిని నడుమ నిలిచి, ఇరువురి బాధయు తెలిసి పని చేయువారు కావలెనన్నది అక్కడ స్పష్టమగును. రైతును శత్రువుగా చూచు శిష్యుడు ఎంత నేర్చినను పల్లెలో పనికిరాడు. పామును చూచినతోడనే కఱ్ఱ తీయు రైతు, కబురుచేసిన పావుగంటలో ఎవరైనను వచ్చి తీసికొనిపోవుదురను నమ్మకమున్నచో, కఱ్ఱను దించును. హైదరాబాదున 1995లో స్థాపితమైన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీవారు ఆ నగరమున ఇట్టి నమ్మకమును కలిగించిరి. అయితే తగిన శిక్షణ లేనివారు, అందులోను బడిపిల్లలు, పామును పట్టబోరాదు. రక్తపింజర పట్టినవాని మంచిచెడ్డలు విచారింపదు.

సూర్యాపేటనుండి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు. కోదాడనుండి దానికి మరి 40కి పైగా చేర్చవలెను. ప్రయాణమే గాయపడిన జంతువునకు రెండవ గాయము. అందుచేత ఈ మూడు పట్టణములలోను పశువైద్యశాల ఆవరణమున ఒక్కొక్క గదిని ఈ పనికి కేటాయించుట న్యాయము. గాలి వచ్చి వెలుతురు రాని గది. పరిమాణమును బట్టి రంధ్రములుగల నాలుగైదు పెట్టెలు. చిన్న తూకపు యంత్రము. దళసరి చేతితొడుగులు, పాతదుప్పట్లు. గోడమీద అటవీ అధికారి ఫోను సంఖ్య. తాళముచెవి శిష్యరికము చేసివచ్చిన ఇద్దరు ముగ్గురి వద్ద ఉండవలెను. వైద్యుడు చూచి, చిన్నగాయమైనచో అచ్చటనే కట్టుకట్టి, పెద్దదైనచో అధికారుల అనుమతితో హైదరాబాదునకు పంపవలెను. ప్రతి జీవియు ఎక్కడ దొరకినది పుస్తకములో వ్రాయవలెను, ఏలయన తిరిగి విడువవలసినది అచ్చటనే. రెండేండ్లు ఆ పుస్తకము నడచినచో, ఏ మలుపున నక్కలు చచ్చుచున్నవో, ఏ తీగెక్రింద పక్షులు పడుచున్నవో రహదారుల శాఖకును విద్యుచ్ఛాఖకును వ్రేలుపెట్టి చూపవచ్చును.

విడుచు దినమున చూడవచ్చువారు ఎక్కువ యుండరాదు. గుడ్లగూబయైనచో ప్రొద్దుగ్రుంకిన పిమ్మట, అది దొరకిన పొలముగట్టుననే పెట్టె నుంచి, మూత తీసి, శిష్యుడు వెనుకకు జరిగి నిలుచును. అది వెంటనే ఎగురదు. కొంతసేపు తల త్రిప్పి చీకటిని చూచును; పిమ్మట చప్పుడు లేకుండ పోవును. వేళను పుస్తకములో వ్రాసికొని, పెట్టెను గదికి తెచ్చి, కడిగి, మరునాటి ఎండకు ఆరబెట్టవలెను.